అచ్చుకూ పోతకూ నడుమ

ఇటుక, బిద్రీ పాత్ర, ఫైబర్ పడవ, మేడ మీది స్లాబు... అచ్చులో పుట్టిన చాలా వస్తువులకూ, వాటి అచ్చులకూ మధ్య ఒక పలుచటి పొర ఉంటుంది. వస్తువు బయటికి వచ్చాక ఆ పొర ఎవరికీ గుర్తుండదు. దాన్ని పూసిన చేతులకు మాత్రం గుర్తుంటుంది.

ఆ పొర కోసం ముందు బర్మా వెళ్దాం. ఒకప్పటి రంగూన్ అయిన యాంగోన్ నడిబొడ్డుకు వాయవ్యంగా, హ్లైంగ్ నది ఒడ్డున ఉన్న పేట చిమిండైంగ్. తెల్లదొరల కాగితాల్లో దాని పేరు కెమ్మెండైన్. 1824లో ఇంగ్లీషు సైన్యం రంగూన్ మీదికి వచ్చినప్పుడు ఇక్కడి కలపకోట దగ్గర గట్టి పోరే జరిగింది. 1877లో ప్రోమ్‌కు రైలు నడిచింది ఈ పేట మీదుగానే. నగరాన్ని చుట్టివచ్చే వలయ రైలు ఇప్పటికీ ఇక్కడ ఆగుతుంది. అహ్లోన్ నుంచి చిమిండైంగ్ దాకా, అటు పజుండాంగ్ కాలువ పొడుగునా, ఒకప్పుడు ధాన్యం మిల్లులూ కోతమిల్లులూ బారులు తీరి ఉండేవి. ఆ మిల్లుల్లో బస్తాలు మోసి, ఊక ఎత్తి, పడవలకు సరుకు నింపినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడివాళ్ళు వీళ్ళందరినీ కొరంగీలన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చినా, విశాఖ నుంచి వచ్చినా ఆ పేరే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే, అందులో సగానికి పైగా భారతీయులే.

ఆ మిల్లుల గుండెకాయ రాయి. పేరుకే రాయి గాని, కొండ నుంచి తొలిచి తెచ్చింది కాదు, పోత పోసింది. స్కాట్లండులోని కిర్కాల్డీలో డగ్లస్ అండ్ గ్రాంట్ వంటి కంపెనీలు రంగూన్‌కు పంపిన యంత్రాల్లో ఇనుప చక్రాలుండేవి. ధాన్యం పొట్టు ఊడదీసేందుకు వాటి ముఖం మీద ఎమరీ పలుకుల్ని ఒక సిమెంటుతో కలిపి దిట్టంగా పోస్తారు. ఆ సిమెంటు మన ఇళ్ళు కట్టేది కాదు. కాల్చిన మాగ్నసైటు పొడిని మెగ్నీషియం క్లోరైడు నీళ్ళతో కలిపితే గట్టిపడేది. 1867లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సొరెల్ దాన్ని కనిపెట్టాడు. లక్షల బస్తాల ధాన్యం రాసుకున్నాక ఆ ముఖం అరిగిపోతుంది. అప్పుడు పాతది చెక్కేసి, మిల్లులోనే చుట్టూ పట్టీ బిగించి, కొత్తగా పొయ్యాలి.

ఇక్కడే ఆ పని మెలిక ఉంది. పోసిన ముద్ద ఇనుప చక్రాన్ని కరిచిపట్టుకోవాలి. నిమిషానికి వందల చుట్లు తిరిగే చక్రం మీది పూత ఊడితే ఎదురుగా ఉన్నవాడి ప్రాణం మీదికి వస్తుంది. అదే ముద్ద చుట్టూ బిగించిన పట్టీని మాత్రం పట్టుకోకూడదు. పట్టుకుంటే విప్పేటప్పుడు అంచు పెళ్ళగా లేచి వస్తుంది. ఒకే ముద్ద, రెండు వైపులా రెండు రకాల ప్రవర్తన. ఆ తేడా తెచ్చేది పట్టీ లోపలి వైపు రాసిన పలచటి జిడ్డు. అది చక్రం ముఖం మీద ఒక్క చుక్క పడినా పని చెడినట్టే.

పోతపని ఎక్కడ జరిగినా చిక్కు ఇదే. తడిముద్ద అచ్చులోని సన్నని గరుకుల్లోకి దూరి అక్కడే గట్టిపడుతుంది. కొన్ని జిగురు పదార్థాలు అచ్చు ఉపరితలంతోనే కలిసిపోతాయి. రెండు నున్నటి ముఖాల మధ్య గాలి చొరబడే సందు లేకపోతే, ఏ జిగురూ లేకుండానే అవి ఒకదాన్నొకటి పీల్చి పట్టుకుంటాయి. వీటన్నిటికీ తోడు బిగింపు ఒకటి ఉంది. చల్లారే లోహం ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు బయటి అచ్చు నుంచి దూరం జరిగినా, లోపలి దిమ్మను మాత్రం పిడికిలి బిగించినట్టు పట్టుకుంటుంది. ఏ అచ్చుకు ఏ పొర వాడాలో తేల్చాలంటే, అక్కడ పట్టుకుంటున్నది వీటిలో ఏదో ముందు తెలియాలి. అది తెలియకుండా దొరికిన నూనె పూసేవాడికి అదృష్టం ఒక్కటే దిక్కు.

లోహం బిగింపుకు బర్మా గంటల కన్నా పెద్ద ఉదాహరణ దొరకదు. హంసావతి రాజు ధమ్మజేది 1484లో పోయించిన గంట దాదాపు మూడు వందల టన్నులని చెబుతారు. 1608లో పోర్చుగీసు ఫిలిప్ ద బ్రీతో దాన్ని ష్వేడగాన్ పగోడా నుంచి ఎత్తుకుపోతుంటే యాంగోన్, బగో నదులు కలిసేచోట మునిగిపోయింది. ఇవాళ్టికీ దొరకలేదు. 1779 నాటి సింగు రాజు గంటను 1825లో ఇంగ్లీషువాళ్ళు తరలించబోతే అదీ నదిలో పడింది. వాళ్ళు ఎత్తలేక వదిలేస్తే, బర్మావాళ్ళు దాని కింద వెదురు బొంగులు చేర్చి పైకి తేల్చుకున్నారు. ఇప్పుడది ష్వేడగాన్ మీదే ఉంది. మింగున్‌లో బోదవ్‌పయా రాజు పోయించిన గంట తొంభై టన్నులు, 1810 నాటికి పోత పూర్తయింది.

ఇంత బరువున్న కంచు చల్లారుతూ లోపలి మట్టిదిమ్మను నొక్కుతుంటే, ఆ దిమ్మ లొంగకపోతే గంటే పగులుతుంది. అందుకని దిమ్మ మట్టిలో పేడ, ధాన్యపు ఊక కలుపుతారు. కాల్చినప్పుడు అవి మాడి సన్నని బొరియలు మిగులుతాయి. మట్టి గుల్లబారుతుంది. లోహం నొక్కితే ఒదుగుతుంది. తర్వాత గునపంతో పొడిస్తే పొడిగా రాలుతుంది. దిమ్మ మీద మైనంతో గంట ఆకారం తీర్చి, పైన మళ్ళీ మట్టి మెత్తి, మైనం కరిగి కారిపోయాక ఆ ఖాళీలో కంచు పోస్తారు. ఇక్కడ విడిగా పూసే నూనె లేదు, చల్లే పొడీ లేదు. మైనం తనే కారిపోతుంది, ఊక తనే కాలిపోతుంది, అచ్చు తనే పగిలిపోతుంది. ఆదిలాబాద్ జిల్లాలో ఓజాలు చేసే డోక్రా బొమ్మలదీ ఇదే దారి. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ పనిలో ప్రతి బొమ్మకూ ఒక అచ్చు బలవుతుంది. అందుకే ఏ రెండు డోక్రా బొమ్మలూ ఒకలా ఉండవు. ఖరీదైన దారే. అచ్చును కాపాడుకోవాలనుకున్న రోజు నుంచే మనిషికి ఆ మధ్య పొర అవసరమైంది.

ఆ పొరల్లో పాతది, అన్నిటికన్నా చవకైనది ఇసుక. ఇటుక కోసే చోట చూడండి. మట్టిముద్దను పొడి ఇసుకలో దొర్లించి, లోపల ఇసుక చల్లిన అచ్చులోకి విసురుగా కొట్టి, పైన గీసి, బోర్లిస్తారు. ఇటుక జారి పడుతుంది. కొన్నిచోట్ల ఇసుకకు బదులు ఊకబూడిద. మరికొన్ని చోట్ల అచ్చును ప్రతిసారీ నీళ్ళలో ముంచి తీస్తారు. నీటిపొర మీద ఇటుక జారుతుంది గాని, ఆ తడికి అంచులు కాస్త వంగుతాయి. ఇసుక ఇటుకకు అంచులు పదునుగా నిలబడతాయి. అంతకన్నా ముఖ్యం, ఆ ఇసుక ఇటుక ముఖానికి అంటుకుని కాలుతుంది. ఆ గరుకుదనాన్నే రేపు గోడలో సున్నమో సిమెంటో పట్టుకుంటుంది. అచ్చును వదిలించిన పదార్థమే తర్వాత గోడను కలిపి ఉంచుతుంది. పోతపని మొత్తం మీద ఇంత చక్కటి పొర మరొకటి లేదని నాకనిపిస్తుంది. దానికి వేల ఏళ్ళ వయసుంది, కనిపెట్టినవాడి పేరు లేదు.

ఆ ఇసుక చల్లే చేతులు ఎవరివో కూడా చెప్పుకోవాలి. పెద్దపల్లి నుంచి హైదరాబాద్ శివార్ల దాకా ఇటుక బట్టీల్లో కోతకు కూర్చునేది చాలావరకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ముందస్తు బయానా తీసుకుని వచ్చే కుటుంబాలు. బయానా ఇచ్చి బర్మాకు ఓడెక్కించిన మేస్త్రీల పద్ధతే ఇది, ఇప్పుడు రైలెక్కుతారు. ఇసుకలో పొద్దస్తమానం ఆడే అరచేతులు అరిగి పుండ్లు పడతాయి. ఇటుక అచ్చులోంచి సులువుగా వస్తుంది, ఆ కుటుంబం బయానాలోంచి రాదు.

లోహపు పోతలోనూ పొడిదే రాజ్యం. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో ఇసుక పోత పోసే ఫౌండ్రీల్లో రెండు పెట్టెల ఇసుక ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో కాలిన పొడి ఇసుకో, బలపపు రాయి పొడో చల్లుతారు. బిద్రీ పనివాళ్ళు మాత్రం నూనె పట్టుకున్నారు. జింకుకు కొద్దిగా రాగి కలిపి పోసే ఆ పాత్రల అచ్చుకు ఎర్రమట్టిని ఆముదంతో, గుగ్గిలంతో కలిపి మెదుపుతారు. నీళ్ళతో కలిపిన మట్టిలో వేడి లోహం పోస్తే ఆవిరి పుట్టి పోత చెడుతుంది. ఆముదంతో కలిపిన మట్టి తడిగా ఉంటుంది గాని అందులో నీరుండదు. అచ్చు నిలబడుతుంది, నమూనాకు అంటుకోకుండా వదులుతుంది, పగలగొట్టి మళ్ళీ కలుపుకోవచ్చు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే ఆముదానికి దీపంలోనూ తలకూ ఉన్న పేరు ఇక్కడ రాలేదు. రావాల్సింది.

కోరంగి రేవుకు తిరిగి వెళ్దాం. 1839 నవంబరు తుఫాను ఆ రేవు నడుం విరిచింది. అయినా పక్కనున్న తాళ్ళరేవులో కొయ్య ఓడలు కట్టే వడ్రంగులు తరతరాలు ఆ పని వదల్లేదు. కొయ్య ఓడకు అచ్చు లేదు, పలక పలకా వంచి కూర్చడమే. 1980ల్లో బంగాళాఖాతం కార్యక్రమం పేరుతో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తీరానికి చేరే ఫైబర్ పడవలు తయారుచేయించి తూర్పుతీరంలో పరీక్షించింది. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఫైబర్ పడవలు తీరమంతా పరుచుకున్నాయి. కొయ్య చేసే పని ఇప్పుడు అచ్చు చేస్తోంది. దాంతో తూర్పుతీరానికి మైనం పని వచ్చింది.

ఫైబర్ పడవ అచ్చు అంటే పడవ బయటి ఆకారం లోపలికి తిప్పినట్టుండే పెద్ద తొట్టి. అద్దంలా మెరవాలి. దానికి ముందు మైనం పూస్తారు. ఈ మైనంలో గట్టిదనం ఇచ్చేది కార్నూబా, ఈశాన్య బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి తీసేది. కొత్త అచ్చుకు ఒక్క పూత చాలదు. పూసి, ఆరనిచ్చి, గుడ్డతో మెరుపు వచ్చేదాకా రుద్ది, మళ్ళీ పూసి, ఇలా చాలాసార్లు చెయ్యాలి. ఎందుకంటే పైన పడే పాలియెస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది పచ్చి మైనాన్ని కరిగించి కిందికి దూరుతుంది. అరచేయంత చోట మైనం ఆరకపోయినా చాలు, పడవ అక్కడే అతుక్కుంటుంది. లాగితే పడవైనా చీలుతుంది, అచ్చైనా పెచ్చులూడుతుంది. అచ్చు పోయిందంటే యార్డు పెట్టుబడి పోయినట్టే.

మైనం మీద రెండో కాపలా పీవీఏ. నీళ్ళలో కరిగే ప్లాస్టిక్కు. పలచగా కొడితే ఆరి సన్నటి పొరలా పరుచుకుంటుంది. దాని మీద జెల్‌కోటు అనే నున్నటి పైపూత, ఆ మీద గాజు నార, రెసిన్. అంతా గట్టిపడి వేడి తగ్గాక అంచుల్లో చెక్క మేకులు దిగ్గొట్టి, ఆ సందుల్లోకి నీళ్ళు వదులుతారు. నీరు దారి వెతుక్కుంటూ పోతుంది. పీవీఏ కరుగుతుంది. పడవ లేస్తుంది. మన గోదావరి వైపు ఇళ్ళలో ఆవిరి కుడుములు గుడ్డ మీద వండి, బోర్లించి, గుడ్డ వెనక నీళ్ళు చిలకరించి ఒలిచే పద్ధతే ఇది. రసాయనం కొత్తది, ఉపాయం వంటింటిదే.

సముద్రం పక్కన ఈ పనికి గాలి శత్రువు. తేమ నిండిన గాలిలో పీవీఏ సరిగ్గా ఆరదు. ఆరని పొర మీద జెల్‌కోటు పోస్తే గుంటలు పడుతుంది. ఇంకో చిక్కు దీనికి పూర్తిగా ఎదురుది. అచ్చు మరీ తొందరగా వదిలేస్తుంది. రెసిన్ గట్టిపడుతూ ముడుచుకుంటుంది కదా, జారుడు ఎక్కువైతే ఇంకా పచ్చిగా ఉండగానే జెల్‌కోటు అచ్చు నుంచి లేచి ముడతలు పడుతుంది. పట్టు ఉండాల్సినంతసేపు ఉండి, పోవాల్సినప్పుడు పోవాలి. ఇది కొలమానం లేని లెక్క, చేతి అనుభవంతోనే వస్తుంది. పడవ బయటికి వచ్చాకా మైనం కథ ముగియదు. రంగు వెయ్యాలంటే ముందు ద్రావకంతో మైనాన్ని తుడిచెయ్యాలి, ఆ తర్వాతే గరుకు కాగితం పట్టాలి. ముందే గరుకు పడితే మైనం ఆ గీతల్లోకి దిగిపోతుంది, రంగు ఏడాది తిరక్కుండా పొలుసులూడుతుంది. సిలికోన్ కలిసిన మైనమైతే మరీ మొండిది.

హైదరాబాద్ ధూల్‌పేటలో చేసే గణపతి విగ్రహాల విషయం క్లుప్తంగా చెప్తాను. మట్టి విగ్రహాన్ని ప్లాస్టర్ అచ్చులో ఒత్తితే ఏ పూతా అక్కర్లేదు. ప్లాస్టర్ మట్టిలోని నీటిని పీల్చుకుంటుంది, మట్టి ముడుచుకుని తనంతట తనే వదులుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాన్ని పోసేటప్పుడే సబ్బు నురగో నూనో కావాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దంది. 2021లో తెలంగాణ హైకోర్టు వాటిని హుస్సేన్‌సాగర్‌లో కలపొద్దంది. మట్టికి తిరిగి వెళ్తే ఆ చెరువుకు ఒక జిడ్డు తగ్గుతుంది.

ఇక ఇంటికి వద్దాం. ఈ వారం మీ వీధిలో ఎక్కడో స్లాబు పడుతూ ఉంటుంది. సెంట్రింగ్ రేకుల మీద ఒకతను చీపురుకట్టతోనో పాత గుడ్డతోనో నల్లటి ద్రవం పూస్తుంటాడు. చేతికి తొడుగు ఉండదు. ఆ నల్లటిది చాలా చోట్ల మోటారు షెడ్లలో బండ్ల నుంచి తీసేసిన కాలిన ఇంజనాయిల్. చవక, పొరుగు షెడ్లోనే దొరుకుతుంది, కాంక్రీటు అంటకుండా చూస్తుంది. అందుకే వాడతారు. ఇంకే గుణమూ దానికి లేదు.

ఇంజన్‌లో కాలిన నూనెలో పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు పోగవుతాయి. లోహపు పొడి ఉంటుంది. అలాంటి నూనె పూసిన ఎలుకల చర్మం మీద కణితులు లేచాయి. శుద్ధి చెయ్యని ఖనిజ నూనెలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో పెట్టింది. ఏళ్ళ తరబడి రోజూ ముంజేతుల దాకా పూసుకునేవాడికి ఆ వర్గం సంఖ్య ఎవరూ చెప్పరు. దురద, మొటిమలు మాత్రం అతనికే తెలుస్తాయి.

కట్టడానికీ అది మంచిది కాదు. నూనె దిట్టంగా ఉన్నచోట కాంక్రీటు ముఖం మీద బుడగల గుంటలు పడతాయి, మరకలు దిగుతాయి. ఆ ముఖానికి కొట్టిన గిలాబా సరిగా పట్టదు. కొన్నేళ్ళకు మీ హాల్లో సీలింగు పెచ్చు ఊడిపడితే, సిమెంటు మీద నింద వేసే ముందు ఆ రోజు పూసిన నూనెను కూడా తలుచుకోవాలి. మరీ ప్రమాదం కడ్డీల దగ్గరిది. కాంక్రీటు ఇనుప కడ్డీని పట్టుకోవాలి, రేకును పట్టుకోకూడదు. రంగూన్ మిల్లు రాతి సూత్రమే ఇది. రేకుకు నూనె పూసేది కడ్డీలు పరవక ముందు, పరిచాక కాదు. భారత ప్రమాణం ఐఎస్ 456, 2000 సంవత్సరపు ప్రతిలో ఈ మాట స్పష్టంగా ఉంది: అచ్చుకు పూసే పదార్థం కడ్డీలకు తగలకుండా చూడాలి. స్లాబు కింద ఆధారాలు నాలుగున్నర మీటర్ల నిడివి దాకా ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు ఉంచాలని కూడా అదే చెబుతుంది. నూనె బాగా పూశాం కదా అని రేకులు తొందరగా లాగేవాళ్ళున్నారు. నూనె అంటకుండా చూస్తుంది గాని, కాంక్రీటుకు బలం ఇవ్వదు.

మంచి దారి ఒకటుంది, అది మన నూనెగింజల మీదుగానే పోతుంది. తాజా కాంక్రీటు గట్టి క్షారం. చెట్ల నూనెల్లో కొవ్వు ఆమ్లాలుంటాయి. రెండూ కలిసేచోట కాంక్రీటులోని సున్నంతో అవి కలిసి సన్నటి సబ్బు పొర ఏర్పడుతుంది. నీళ్ళలో కరగని ఆ సున్నపు సబ్బే రేకునూ కాంక్రీటునూ విడదీస్తుంది. అందుకని ఇది పలచగా పూస్తేనే బాగా పనిచేస్తుంది. కాలిన ఆయిల్ కేవలం అడ్డుగోడలా నిలబడాలి కనక దిట్టంగా కావాలి. నీళ్ళలో కలిపి తెల్లగా వాడే షట్టరింగ్ ఆయిల్ డబ్బాలు ఇప్పుడు ఏ సిమెంటు దుకాణంలోనైనా దొరుకుతాయి. లీటరు ధర కాలిన ఆయిల్ కన్నా ఎక్కువే. ఒక్కో చదరపు మీటరుకు పట్టేది తక్కువ, మరకలు కడుక్కునే ఖర్చు తక్కువ.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన ఇంజనాయిల్ ప్రమాదకర వ్యర్థం. అది అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే చేరాలి. షెడ్డు వెనక డబ్బాలోంచి సెంట్రింగ్ మేస్త్రి బకెట్‌లోకి చేరకూడదు. ఆ మేస్త్రిని పట్టుకుంటే లాభం లేదు, అతనికి ఇచ్చే చదరపు అడుగు కూలీలో నూనె ఖర్చు విడిగా లేదు. ఇల్లు కట్టించుకునేవాళ్ళు ఒప్పందం రాసుకునేటప్పుడు సిమెంటు బ్రాండు, ఇనుము బ్రాండు అడుగుతారు. ఆ కాగితంలో ఇంకో రెండు పంక్తులు రాయించండి: రేకులకు ఏ నూనె పూస్తారో, దాని ఖర్చు ఎవరిదో. పూసేవాళ్ళ చేతి తొడుగుల ఖర్చూ అందులోనే చేర్చండి. ఆ చేతులు కూడా మీ ఇల్లే కడుతున్నాయి.